నీటి అడుగున సున్నపు పని

చిటికెన వేలి గోరంత గిన్నె. అంచు గుండ్రంగా, కాస్త లేచి ఉంది. అంచు నుంచి నడిమికి పలుచని రేకులు నిలువుగా దిగుతున్నాయి. ముందు ఆరు, వాటి సందుల్లో మరో ఆరు, ఆ పన్నెండింటి సందుల్లో ఇంకో పన్నెండు. మొదటి వరస రేకులు మందం, రెండో వరస సన్నం, మూడోది ఇంకా సన్నం. అంచు దాటాక అవే గీతలు గిన్నె బయటి వైపు కూడా దిగి, పక్క గిన్నె గీతలను కలుసుకుంటాయి. ఇలాంటి గిన్నెలు వందలకొద్దీ ఒకదాన్నొకటి ఆనుకుని ఒక బండను పూర్తిగా కప్పేశాయి. ఏ రెండూ అచ్చుగుద్దినట్టు లేవు. ఇరుకైన చోట గిన్నె నొక్కుకుని కోలగా మారింది, జాగా దొరికిన చోట విచ్చుకుంది. రేకుల వరస మాత్రం ఎక్కడా చెదరలేదు.

ఈ పని చేసింది పాలిప్ అనే మెత్తటి జీవి. జెల్లీ ఫిష్‌కు, సీ అనిమోన్‌కు దగ్గరి చుట్టం. ఒళ్లంతా ఒక సంచి, పైన ఒకే ఒక నోరు, దాని చుట్టూ మీసాలు. తిన్నది ఆ నోటి గుండానే లోపలికి పోతుంది, మిగిలింది ఆ నోటి గుండానే బయటికి వస్తుంది. కళ్లు లేవు, మెదడు లేదు. అంత మెత్తటి ఒంటి కింద రాయి పుడుతుంది. పాలిప్ తన అడుగు చర్మానికీ కింది రాతికీ మధ్య అతి సన్నని ఖాళీ ఒకటి ఉంచుకుంటుంది. సముద్రపు నీటిలో కరిగి ఉన్న కాల్షియాన్ని ఆ ఖాళీలోకి తోడి, అక్కడి ఆమ్ల గుణాన్ని బయటికి నెట్టేస్తుంది. ఆమ్లం తగ్గిన ఆ చోట కాల్షియం కార్బనేట్ సన్నటి సూదులుగా పేరుకుంటుంది. శాస్త్రజ్ఞులు ఈ స్ఫటికాన్ని అరగొనైట్ అంటారు. ఆల్చిప్పల్లోనూ నత్తగుల్లల్లోనూ ఉన్న మూల సరుకు కూడా ఈ కాల్షియం కార్బనేటే. గుల్లలు కాల్చి సున్నం తీసి గోడలకు వెల్ల వేసుకున్న మన తీర గ్రామాలకు ఇది తెలియని పదార్థమేమీ కాదు. నిప్పూ బట్టీ లేకుండా, గోరువెచ్చని ఉప్పునీటిలో, కళ్లు లేని ఒక జీవి దాన్ని ఇంత కొలతగా పేరుస్తుందన్నదే నన్ను ఆ బండ దగ్గర కట్టిపడేసింది.

గోడ ఎత్తు పెరిగేకొద్దీ పాలిప్ అడుగునే ఉండిపోదు. ఎప్పటికప్పుడు ఒళ్లు పైకి లాక్కుని, కింద పలుచని అర ఒకటి వేసుకుని దాని మీద కూర్చుంటుంది. మళ్లీ గోడ ఎత్తుతుంది, మళ్లీ పైకి జరుగుతుంది. అందుకే అంత పెద్ద బండలోనూ ప్రాణం ఉన్నది పైపొరలోనే, అదీ కొన్ని మిల్లీమీటర్ల మందాన. ఆ కిందదంతా ఖాళీ చేసి వచ్చిన గదులు. ఒక పాలిప్ రెండుగా చీలుతుంది, రెండు నాలుగవుతాయి, బండ చుట్టుకొలత పెరుగుతుంది. చీలినప్పుడు కొన్ని జాతులు నడుమ పూర్తిగా గోడ కట్టుకుంటాయి. అప్పుడు విడివిడి గిన్నెలు వస్తాయి. మరికొన్ని జాతులు ఆ గోడ కట్టవు, ఒకే వరసలో నోళ్లు తెరుచుకుని కలిసి ఉండిపోతాయి. అప్పుడు బండ మీద మెలికలు తిరిగిన లోయలు ఏర్పడతాయి. జనం మెదడు పగడం అని పిలిచేది దాన్నే. నడిమి గోడ కట్టడం, కట్టకపోవడం అనే ఒక్క తేడాతో ఒకదానికొకటి పోలికే లేని రెండు రూపాలు తేలాయి.

నేను ఆ బండను చూసింది అండమాన్‌లోని జాలీ బాయ్ దీవి దగ్గర. ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్న పోర్ట్ బ్లెయిర్ నుంచి వండూరు వెళ్లి అక్కడ పడవ ఎక్కాలి. 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కులో, 281 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో ఉన్న 15 దీవుల్లో ఇదొకటి. ప్లాస్టిక్ సీసాలూ సంచులూ దీవి మీదికి రానివ్వరు. ఏడాదిలో కొన్ని నెలలు జాలీ బాయ్‌కి, మిగతా నెలలు రెడ్ స్కిన్ దీవికి మనుషుల్ని పంపుతారు. ఒకటి తెరిచి ఉన్నప్పుడు రెండోదానికి విశ్రాంతి. మన పుణ్యక్షేత్రాల కొండలకూ ఇలాంటి ఏర్పాటు ఉంటే ఎంత బాగుండునో అనిపించింది.

నన్ను నీళ్లలోకి దించిన గైడు మాట కలిపిన రెండు నిమిషాలకే తెలుగులోకి వచ్చేశాడు. వాళ్ల తాతలది శ్రీకాకుళం జిల్లా తీరం. అండమాన్‌లో ఇది అబ్బురమేమీ కాదు. 2011 జనాభా లెక్కల్లో ఈ ద్వీపాల్లో సుమారు 13 శాతం మంది తమ మాతృభాష తెలుగని రాయించుకున్నారు. వారిలో ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి. "కంగారు పడకండి బాబూ. నోటితోటే ఊపిరి తియ్యండి. కాళ్లు ఆడించకండి, ఊరికే తేలండి. ఆడిస్తే ఇసుక లేస్తాది, అది దాని మీద పడితే దానికి ఊపిరాడదు," అన్నాడు. పగడాన్ని మనిషిని చెప్పినట్టే చెప్పాడు. చేపలెక్కడున్నాయని అడిగితే, "చేప ఎనకాల పోకండి. అది పోతాది. ఇదెక్కడికీ పోదు, దీన్ని సూడండి," అని ఒక బండ దగ్గర నా చెయ్యి వదిలాడు. పగడపు దిబ్బను చూడటం గురించి నేను విన్న మాటల్లో ఇంతకన్నా పనికొచ్చేది లేదు. పడవలోని వాళ్లంతా రంగు రంగుల చేపలను తరుముకుంటూ వెళ్లారు. అవీ అందంగానే ఉన్నాయి, కాదనను. కానీ చేప తళుక్కుమని పోయేది, బండ పని. పనిని చూడాలంటే ఒక చోట ఆగాలి.

ముఖానికి పెట్టుకునే ఆ అద్దాల తొడుగు చేసే ఉపకారం చిన్నది కాదు. మన కన్ను గాలిలో చూడటానికి అమరింది. నీరు నేరుగా తగిలితే కంటి ముందు పొర వెలుగును వంచలేదు, అందుకే అంతా మసకబారుతుంది. అద్దం వెనక కొద్దిపాటి గాలి నిలిస్తే చూపు మళ్లీ కుదురుతుంది. పైగా నీటి నుంచి గాలిలోకి వచ్చేటప్పుడు వెలుగు వంగడం వల్ల ప్రతిదీ సుమారు మూడో వంతు పెద్దదిగా, కాస్త దగ్గరగా కనిపిస్తుంది. చిన్న గిన్నెల పని చూడబోయేవాడికి సముద్రమే భూతద్దం పట్టినట్టు. ఊపిరి గొట్టం మూరెడు కూడా ఉండదు. అంతకన్నా పొడుగు చేస్తే లోతున నీటి బరువు ఛాతీని నొక్కేస్తుంది, ఊపిరితిత్తులు గాలిని లాగలేవు. అందుకే నీటి పైపొర మీద బోర్లా తేలుతూనే చూడాలి. రెండు మూడు మీటర్ల లోతులో ఉన్న దిబ్బకు అది చాలు.

చిన్నప్పుడు నాకు తెలిసిన సముద్రానికి లోపల అనేది ఉండేది కాదు. మాది చీరాల వైపు. మాఘ పౌర్ణమికి ఇంటిల్లిపాదీ ఓడరేవుకు సముద్ర స్నానానికి వెళ్లేవాళ్లం. తెల్లవారకుండానే ఇల్లు కదిలేది. రోడ్డు చివర సరుగుడు తోట దాటుతుండగానే హోరు వినపడేది. నాయనమ్మ పిల్లలందర్నీ చీర చెంగు పట్టుకోమనేది. "కెరటానికి ఎదురెళ్లకు నాయనా, వీపు తిప్పి కూచో. అదే వచ్చి పోసి పోతుంది," అనేది. ఆడవాళ్లంతా ఒడ్డున వరసగా కూర్చుని కెరటాలకు వీపులిచ్చేవారు. నీళ్లు కాఫీ రంగులో ఉండేవి. మోకాళ్ల లోతు దాటితే మన పాదాలు మనకే కనపడేవి కావు. ముక్కు మూసుకుని మూడు మునకలు వేస్తే కళ్ల మంట, చెవుల్లో గుయ్‌మని శబ్దం, ఒంటి నిండా ఇసుక. ఆ నీటి కింద చూడదగ్గది ఏదైనా ఉంటుందన్న ఊహే రాలేదు. సముద్రమంటే కదలిక, చప్పుడు, భయం, ఆ భయంలోనే సంబరం. తిరుగు దారిలో వేటపాలెం జీడిపప్పు.

ఆ తీరంలో నేను చూసిన పనితనం ఒకటుండేది. ఆటు వేళ తడి ఇసుక మీద చిన్న పీతలు బొరియల చుట్టూ ఆవగింజల్లాంటి, మిరియాల్లాంటి ఇసుక ఉండలు పేర్చేవి. ఇసుకను నోటితో జల్లించి అందులోని తిండి తీసుకుని, మిగిలిన ఇసుకను ఉండ చేసి పక్కన పెట్టేవి. బొరియ నుంచి నాలుగు వైపులా కిరణాల్లా ఉండల వరసలు, నడుమ నడవడానికి సన్నటి బాటలు. పోటు రాగానే అంతా తుడిచిపెట్టుకుపోయేది. మర్నాటికి మళ్లీ అదే కొలత, అదే వరస. దాని ముందు గొంతుక్కూర్చుని గంటలు గడిపిన పిల్లవాడే పెద్దయ్యాక అండమాన్‌లో ఒకే బండ మీద అంతసేపు తేలుతూ ఉండిపోయాడని అనుకుంటాను.

ఓడరేవులో పగడపు దిబ్బ ఎందుకు లేదు, అదే బంగాళాఖాతానికి ఆవలి అంచున ఎందుకు ఉంది? కారణం మన నదులే. కృష్ణ, గోదావరి తెచ్చి పోసే ఒండ్రు నీటిని మసక చేస్తుంది, వెలుగును అడుగుకు చేరనివ్వదు. వానాకాలంలో మంచినీరు ఎక్కువై ఉప్పదనం పడిపోతుంది. అడుగంతా కదిలే ఇసుక, బురద. పగడపు పిల్ల అంటుకోవడానికి గట్టి రాయి కావాలి, ఆ తర్వాత ఎండ కావాలి, తేట నీరు కావాలి. దేశంలో పెద్ద దిబ్బలున్న చోట్లు చూస్తే కచ్ఛ్ సింధుశాఖ, మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతం, లక్షద్వీప్, అండమాన్ నికోబార్. పెద్ద నది ముఖద్వారం ఒక్కటీ ఈ జాబితాలో లేదు. మనకు దిబ్బను దూరం చేసిన ఆ ఒండ్రే డెల్టాలో వరి పండిస్తోంది కాబట్టి ఓడరేవు కాఫీ రంగు నీటి మీద నాకేమీ ఫిర్యాదు లేదు.

అయినా పగడం మా ఇంట్లో ఉండేది. నాయనమ్మ నల్లపూసల నడుమ రెండు ఎర్రటి పగడాలు. చీరాలకు దక్షిణంగా అదే తీరంలో ఉన్న మోటుపల్లి ఒకప్పుడు పెద్ద రేవు. 13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుడు అక్కడ వేయించిన అభయ శాసనం, తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజు లాక్కోడనీ, నియమిత సుంకం మాత్రమే తీసుకుంటాడనీ విదేశీ వర్తకులకు మాట ఇస్తుంది. ఆ సుంకాల పట్టికలో పగడం కూడా ఉంది. మెడలో వేసుకునే ఎర్ర పగడానికి పేరుబడ్డ చోటు మధ్యధరా సముద్రం. అది వెలుగు తక్కువైన చోట పెరుగుతుంది, దాని పాలిప్‌కు ఎనిమిది మీసాలు, దిబ్బలు కట్టదు. లోపలి కాడ గట్టిగా, నునుపు తేలేలా ఉంటుంది కాబట్టి కంసాలి చేతికి వచ్చింది. దిబ్బ కట్టే పగడం అలా కాదు, అంతా గదుల మయం. సానపడితే మెరిసే ఎరుపు దానికి లేదు. దాని విలువంతా కట్టుబడిలోనే.

ఆ కట్టుబడి జాతి జాతికీ మారుతుంది. కొమ్మల పగడం దగ్గరికి వస్తే గిన్నెల అమరికే వేరు. అక్రోపోరా అనే ఈ రకంలో ప్రతి కొమ్మ చివరా ఒక పెద్ద పాలిప్ ఉంటుంది. కొమ్మను పొడుగు చేసే పని దానిది. అది ముందుకు సాగుతుంటే పక్కల నుంచి చిన్న పాలిప్‌లు మొలిచి కొమ్మ చుట్టూ గొట్టాల్లా వరసలు కడతాయి. కొమ్మంతా గోధుమ రంగులో ఉండి, కొస మాత్రం తెల్లగానో లేత నీలంగానో మెరుస్తుంది. తొలిసారి చూసేవాళ్లు ఆ తెల్ల కొసలను చూసి పగడం చచ్చిపోతోందని బాధపడతారు. నిజానికి పని అన్నిటికన్నా జోరుగా సాగుతున్న చోటు అదే. గోడ అంత తొందరగా లేస్తుంటే ఒంటిలో రంగు చేరే వ్యవధి ఉండదు. అనుకూలమైన నీటిలో ఇలాంటి కొమ్మలు ఏడాదికి పది సెంటీమీటర్లకు పైగా సాగుతాయి. ఒత్తైన దుబ్బులో రెండు కొమ్మలు దగ్గరపడ్డ చోట ఒకటి పక్కకు మళ్లుతుంది, లేదా రెండూ కలిసి ఒకటవుతాయి. ఎక్కడా పిచ్చి గుబురు కాదు. ప్రతి కొసకూ తన వాటా ఎండ, తన వాటా నీటి పారుదల దక్కేలా దుబ్బు పరుచుకుంటుంది.

ఇంకో రకం రేకు పగడం. పలుచని పలకలు కుచ్చెళ్లు కుచ్చెళ్లుగా మడతలు పడి లేచి ఉంటాయి. ఈ మడతల వెనక ఒక గణితం ఉంది. నర్సాపురం లేసు అల్లే ఆడవాళ్లకు ఇది చేతుల్లోనే తెలుసు. కొక్కెం సూదితో గుండ్రంగా అల్లుకుంటూ పోయేటప్పుడు ప్రతి చుట్టుకూ సరిపడినన్ని కుట్లు పెంచితే అల్లిక బల్లపరుపుగా వస్తుంది. తక్కువ పెంచితే టోపీలా ముడుచుకుంటుంది. ఎక్కువ పెంచితే అంచుకు చోటు చాలక కుచ్చెళ్లు పోతుంది. అంచు మధ్య భాగం కన్నా వేగంగా పెరిగే రేకు పగడానికి జరిగేదీ అదే. తక్కువ జాగాలో ఎక్కువ ఒళ్లు నీటికి ఆనించడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు. 1997లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పే డైనా టైమినా ఇలాంటి వంపు తలాన్ని కొక్కెం సూదితో అల్లి విద్యార్థుల చేతుల్లో పెట్టారు. దాన్ని అందుకుని 2005లో లాస్ ఏంజెలెస్‌లో మార్గరెట్, క్రిస్టీన్ వర్ట్‌హైమ్ అనే అక్కచెల్లెళ్లు ఉన్నితో పగడపు దిబ్బనే అల్లడం మొదలుపెట్టారు. ఆ పని తర్వాత ఎన్నో దేశాల ఆడవాళ్ల చేతుల మీదుగా పెరిగింది. నర్సాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన గోదావరి జిల్లాల చేతులు కూడా ఒక దిబ్బ అల్లితే చూడాలని నాకు గట్టి కోరిక.

అన్నిటిలోకీ నా మనసు దోచింది మాత్రం పోరైటిస్ బండ. చూపులకు ఏమీ ఉండదు. పసుపు కలిసిన గోధుమ రంగు గుండు. దగ్గరికి వెళ్తే తప్ప గిన్నెలు కనపడవు, ఒక్కొక్కటి మిల్లీమీటరుకు కాస్త అటూఇటూ. ఇది పెరిగేది ఏడాదికి సుమారు సెంటీమీటరు. అంటే రెండు మీటర్ల ఎత్తు బండకు దాదాపు రెండు వందల ఏళ్లు. 1858లో ఖైదీల ఓడ అండమాన్ చేరేనాటికే అది అక్కడ ఉంది. 1896 నుంచి 1906 దాకా సెల్యులర్ జైలు గోడలు లేస్తున్న ఆ పదేళ్లలో ఇది జానెడులో సగం ఎదిగి ఉంటుంది. బండను నిలువునా కోసి ఎక్స్-రే తీస్తే ఒక దట్టమైన పట్టీ, ఒక పలుచని పట్టీ, మళ్లీ దట్టం, మళ్లీ పలుచన కనిపిస్తాయి. జత పట్టీలంటే ఒక ఏడు. 1972లో ఈ సంగతి బయటపెట్టినవాళ్లు పసిఫిక్‌లోని ఎనివెటాక్ దీవి పగడాలను కోశారు. అక్కడ అమెరికా అణుపరీక్షలు చేసిన ఏళ్లలో నీటిలో కలిసిన రేడియోధార్మికత ఏ పట్టీలో చిక్కిందో చూసి, లెక్క సరిపోయిందని నిర్ధారించారు. ఆ దీవిలోనే 1952లో బోరు దించితే 1,200 మీటర్లకు పైగా పగడపు సున్నపురాయే వచ్చి, ఆ అడుగున అగ్నిపర్వత శిల తగిలింది. కొండ మెల్లగా కుంగుతుంటే దాని అంచున పగడం అదే వేగంతో పైకి కట్టుకుంటూ వచ్చిందని డార్విన్ 1842లో రాసిన ఊహ అలా రుజువైంది. మిల్లీమీటరు గిన్నెలతో కిలోమీటరు మించిన గోడ.

అండమాన్‌లోనే మరో దీవి షహీద్ ద్వీప్‌లో ఆటు బాగా తగ్గిన వేళ తీరపు రాతి చదును బయటపడితే, అక్కడి మడుగుల్లో పోరైటిస్ మరో తీరుగా కనిపించింది. పైభాగం బల్లలా చదును, చుట్టూ అంచు మాత్రం బతికి ఉండి పక్కలకు పెరుగుతోంది. నీరు ఎంతవరకు తగ్గుతుందో అంతవరకే పగడం ఎదగగలదు, అంతకు మించి గాలి సోకిన భాగం చచ్చిపోతుంది. అలా పై తలం ఆటు మట్టాన్ని ఏడాది వెంట ఏడాది గీసి ఉంచుతుంది. 2004 డిసెంబరు 26 భూకంపంలో అండమాన్ వాయవ్య తీరం మీటరుకు పైగా లేచింది, దక్షిణాన నేల కుంగింది. ఎక్కడ ఎంత లేచిందో కొలవడానికి శాస్త్రజ్ఞులకు ఈ పగడపు బల్లల అంచులు కూడా తోడ్పడ్డాయి. కొలబద్దగా ఉందామని కట్టుకున్నది కాదు. ఏ పొరా దాటవేయకుండా కట్టుకుంది కాబట్టి కొలబద్ద అయింది.

ఇంత పనికి కూలి ఎవరిస్తున్నారు? పాలిప్ ఒంట్లోనే కాపురముండే సూక్ష్మమైన శైవలాలు. వాటికి పాలిప్ చోటు, కాపుదల, తన ఒంట్లోని వ్యర్థాలను ఎరువుగా ఇస్తుంది. అవి ఎండలో పిండివంట చేసి అందులో సింహభాగం పాలిప్‌కే ఇచ్చేస్తాయి. పాలిప్‌కు కావలసిన శక్తిలో తొంభై శాతం దాకా అలా సమకూరుతుంది. పగటిపూట రాయి కట్టే వేగం రాత్రి కన్నా ఎక్కువ. చీకటి పడ్డాక పాలిప్ మీసాలు చాచి నీటిలో కొట్టుకొచ్చే నలుసు ప్రాణులను పట్టుకుంటుంది. మనం దిబ్బ మీద చూసే గోధుమ, ఆకుపచ్చ ఛాయలు చాలావరకు ఆ అతిథులవే. పాలిప్ చర్మానికి సొంతంగా ఉన్న రంగు తక్కువ.

నీరు వేసవి గరిష్ఠం కన్నా ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే ఈ పొత్తు చెడిపోతుంది. పాలిప్ శైవలాలను బయటికి పంపేస్తుంది, చర్మం గాజులా మిగులుతుంది, దాని గుండా తెల్లటి సున్నం కనపడుతుంది. నీరు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది, లేకపోతే ఆకలితో చచ్చిపోతుంది. అండమాన్ దిబ్బలు 1998లో, 2010లో, 2016లో ఇలా తెల్లబడ్డాయి. 2010 దెబ్బ గట్టిది. 2024 ఏప్రిల్‌లో ప్రపంచమంతటా నాలుగో విడత తెల్లబాటు మొదలైందని శాస్త్రసంస్థలు ప్రకటించాయి. కొమ్మల పగడం త్వరగా పడిపోతుంది, పోరైటిస్ బండలు ఎక్కువగా తట్టుకుంటాయి. జాలీ బాయ్‌లో నేను చూసిన దిబ్బలో ఆ తేడా కళ్లకు కట్టింది. విరిగిన కొమ్మల గుట్టలు బూడిద రంగులో పరుచుకుని ఉన్నాయి, వాటి నడుమ బండలు నిలబడి ఉన్నాయి. అంత అందం పక్కనే అంత శిథిలం. చూసినవాడు అది లేనట్టు రాయకూడదు.

ఆ శిథిలం మీద కూడా పని ఆగలేదు. రాతి సందుల్లో గులాబీ రంగు పూతలా పాకే ఒక శైవలం ఉంది. అది కూడా సున్నం పోస్తుంది, వదులు ముక్కలను అతికించి గట్టిపరుస్తుంది. నీటిలో కొట్టుకొచ్చే గుండుసూది తలంత పగడపు పిల్లలు దిగడానికి తరచూ ఎంచుకునేది ఆ పూతనే. చిలుక చేపలు ముక్కులాంటి పళ్లతో రాతిని గీరి నాచు తింటాయి. నీటి కింద తల పెడితే ఆ కరకర స్పష్టంగా వినపడుతుంది. గీరిన సున్నాన్ని నూరి ఇసుకగా విసర్జిస్తాయి. బుర్ర బొడిపె ఉన్న పెద్ద చిలుక చేప ఒక్కటే ఏడాదికి ఐదు టన్నులకు పైగా దిబ్బ సరుకును ఇలా అరగదీస్తుందని లెక్క కట్టారు. దీవి చుట్టూ మనం చెప్పులు విప్పి నడిచే తెల్లటి ఇసుకలో చాలా భాగం ఆ గీకుడు ఫలితమే. నాచు గీరేవి లేకపోతే కొత్త పగడానికి ఖాళీ రాయి దొరకదు. కట్టేదీ కొరికేదీ ఒకే దిబ్బను నడుపుతున్నాయి. గైడు ఒక చచ్చిన కొమ్మ పక్కన నన్ను ఆపి వేలు చూపించాడు. గులాబీ పూత మీద బఠాణీ గింజంత కొత్త దుబ్బు, నాలుగైదు గిన్నెలు.

వెళ్లేవాళ్లకు రెండు మాటలు. ఈదడం రానివాళ్లు లైఫ్ జాకెట్ వేసుకుని, గైడు పట్టుకున్న గాలి ట్యూబును పట్టుకుని తేలవచ్చు, సిగ్గుపడాల్సిన పని లేదు. ఎంత అలసినా దిబ్బ మీద కాలు మోపకూడదు. మడమ కింద పడ్డ ఆ పలుచని చర్మం చితికిపోతే దాని కింద ఉన్నది ఉత్త సున్నమే. ఒక్క ముక్క కూడా జేబులో వేసుకోకూడదు. 2001 నుంచి రాతి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయి, చచ్చిన ముక్కకైనా కేసే. గంటసేపు బోర్లా తేలితే వీపు కమిలిపోతుంది కాబట్టి క్రీములు పూసుకునే బదులు పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకోండి. కొన్ని సన్‌స్క్రీన్‌లలో ఉండే ఆక్సీబెంజోన్ పగడానికి కీడు చేస్తుందన్న ఆందోళనతో హవాయి రాష్ట్రం 2021 నుంచి వాటి అమ్మకాన్నే ఆపేసింది. వీలైతే ఉదయం పూట, గాలి లేచి నీరు కలతబడకముందే దిగండి. పడవవాళ్లు ఇచ్చే కొద్ది సమయంలో దిబ్బంతా చుట్టి రావాలని చూడకుండా, ఒక్క బండను ఎంచుకుని దాని ముందే ఉండిపోనివ్వమని గైడును అడగండి.